రెండు గీతలు: పేదరికాన్ని కొలవడం, పటం మీద చూపడం

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. మాటల తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం పేరు చాలా పొడవుగా ఉంది: ఒక దేశం లోపల పేదరికాన్నీ ప్రాంతీయ అసమానతనూ కొలవడం, వాటిని పటం మీద చూపడం. నేను దాన్ని రెండు గీతలకు కుదిస్తాను. మొదటిది దారిద్ర్య రేఖ. అది మనుషుల మధ్య గీసే గీత. ఇటువైపు ఉన్నవారు పేదలు, అటువైపు ఉన్నవారు కారు. రెండోది సరిహద్దు రేఖ. అది నేల మీద గీసే గీత. ఇటు ఒక జిల్లా, అటు మరో జిల్లా. ఈ రెండు గీతలూ కలిసినప్పుడే పేదరిక పటం తయారవుతుంది. మొదటి గీత గురించి పత్రికల్లో, చట్టసభల్లో ఎంత గొడవ జరుగుతుందో మీ అందరికీ తెలుసు. రెండో గీత జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. కొండలాగా, నదిలాగా అది ఎప్పటి నుంచో అక్కడే ఉన్నదన్నట్టు ఊరుకుంటాం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రెండో గీత కూడా మనిషి నిర్ణయమే, ఏది పేద ప్రాంతమో తేల్చడంలో దాని బలం మొదటి గీతకు ఏమాత్రం తీసిపోదు.

కథ లండన్‌లో మొదలుపెడదాం. చార్లెస్ బూత్ ఓడల వ్యాపారి, లివర్‌పూల్‌వాడు. లండన్‌లో పేదలు ఎంతమంది ఉన్నారన్న విషయంపై ఎవరి నోటికి వచ్చిన అంకె వారు చెబుతున్న రోజుల్లో, లెక్కపెట్టి చూద్దామని బయలుదేరాడు. ఇంటింటికీ తిరగడం అసాధ్యం కనుక ఆయన ఒక ఉపాయం పన్నాడు. బడి ఈడు పిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లి చూసి రాసుకునే స్కూల్ బోర్డు ఉద్యోగులు అప్పటికే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి, వీధి తరవాత వీధి చొప్పున వివరాలు రాబట్టాడు. 1889లో మొదటి సంపుటంతో పాటు పటం వచ్చింది. వీధులకు ఏడు రంగులు: అట్టడుగున నలుపు, ఆపైన ముదురు నీలం, లేత నీలం, ఊదా, గులాబీ, ఎరుపు, అన్నిటికంటే పైన సంపన్నులకు పసుపు. లండన్ జనాభాలో 30.7 శాతం పేదరికంలో ఉన్నారని చివరికి ఆయన లెక్క తేలింది. ఆ తరవాత కొన్నేళ్లకు పటాన్ని సరిదిద్దడానికి ఆయన మనుషులు పోలీసుల వెంట కాలినడకన వీధులు తిరిగారు. ఆ నోటు పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏం రాసుకున్నారనుకుంటున్నారు? కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయా, తలుపులు బార్లా తీసి ఉన్నాయా, పిల్లల కాళ్లకు బూట్లున్నాయా, అవి ఎలాంటి బూట్లు. ఆదాయం ఎంతని ఎవరినీ అడగలేదు; నడుస్తూ, చూస్తూ రంగు నిర్ణయించారు.

ఆ పటాన్ని చూసిన ప్రతిసారీ నాకు రెండు విషయాలు తడతాయి. ఒకటి, నలుపు రంగుకు ఆయన పెట్టిన వివరణలో పేదరికం ఒక్కటే లేదు. దుర్మార్గులు, సగం నేరస్థులు అన్న అర్థం వచ్చే మాటలు కూడా చేర్చాడు. కొలత పేరుతో తీర్పు చెప్పడం పేదరిక పటం పుట్టిన రోజు నుంచే ఉందన్నమాట. రెండోది ఇంకా ముఖ్యం. ఆయన రంగు పూసింది మనుషులకు కాదు, వీధులకు. ఒక వీధికి ఒక రంగు. ఆ వీధిలోనే ఒక ఇంట్లో సుఖంగా బతికేవారు, పక్కింట్లో పస్తులుండేవారు ఉంటే? అందుకే ఊదా రంగు వచ్చింది: కొందరు సుఖంగా, కొందరు పేదగా ఉన్న మిశ్రమ వీధి. నిజాయితీగా చెప్పాలంటే ఈనాడు మనం గీసే పటాల్లో చాలా భాగం ఊదాయే ఉండాలి. కానీ మన పటాల్లో ఊదా రంగుకు చోటుండదు. జిల్లాకు ఒక శాతం, ఆ శాతానికి ఒక రంగు, అంతే.

బూత్ బలం పటంలో ఉంటే, ఆయన తరవాత వచ్చిన సీబోమ్ రౌంట్రీ బలం గీతలో ఉంది. 1899లో యార్క్ నగరంలో 11,560 కుటుంబాలను, అంటే 46,754 మందిని, ఆయన మనుషులు చూసి వచ్చారు. ఒంట్లో సత్తువ నిలబడటానికి కనీసం ఎంత ఆహారం, ఎంత అద్దె, ఎంత బట్ట కావాలో లెక్కగట్టి దాన్ని గీతగా పెట్టుకున్నాడు. సంపాదన మొత్తం ఖర్చు చేసినా ఆ గీతను అందుకోలేనివారు 9.91 శాతం, సంపాదన సరిపోవలసినదే అయినా మరొక దానికి ఖర్చయిపోయి పేదగా బతుకుతున్నవారు 17.93 శాతం, రెండూ కలిపితే 27.84. అయితే ఈ ఇద్దరికంటే ముందే, 1870లలో, దాదాభాయి నౌరోజీ భారతదేశంలో ఇలాంటి గీత గీశారన్నది పాఠ్యపుస్తకాల్లో ఒక మూలన మాత్రమే కనిపిస్తుంది. జైళ్లలో ఖైదీలకు పెట్టే తిండి, వలస కూలీలకు ఓడల్లో ఇవ్వవలసిన తిండి ఎంతో చూసి, ప్రాణం నిలవడానికి మనిషికి ఏడాదికి 16 నుంచి 35 రూపాయల దాకా కావాలని ఆయన అంచనా. ఆ 16కూ 35కూ మధ్య తేడా ఎందుకు వచ్చింది? ప్రాంతాన్ని బట్టి ధరలు మారతాయి కనుక. ఒక దేశానికి ఒకే గీత సరిపోదన్న ఆలోచన అంత పాతది.

మరి ఆ ఆలోచనను తరవాతివారు నిలబెట్టుకున్నారా? అమెరికా సంగతి చూడండి. 1960లలో మోలీ ఓర్షాన్‌స్కీ అనే ఉద్యోగిని సామాజిక భద్రత శాఖలో కూర్చుని ఒక లెక్క వేశారు. 1955 సర్వే ప్రకారం కుటుంబాలు తమ ఆదాయంలో మూడో వంతు తిండికి ఖర్చు చేస్తున్నాయి. కనుక పొదుపైన ఆహారానికి అయ్యే ఖర్చును మూడుతో గుణిస్తే గీత వస్తుంది. తాత్కాలికంగా వేసిన ఆ లెక్క అధికారిక రేఖ అయి కూర్చుంది. తరవాత ఇంటి అద్దెల భారం పెరిగింది, తిండి వాటా తగ్గింది, అయినా మూలం మారలేదు. పైగా ఆ రేఖ ఆనుకుని ఉన్న 48 రాష్ట్రాల్లోనూ ఒకటే. అద్దెలు మండిపోయే నగరంలోనూ అంతే, ఖాళీగా పడి ఉన్న పల్లె కౌంటీలోనూ అంతే. 2011లో మొదలైన అనుబంధ కొలత ఇళ్ల ఖర్చుల తేడాను లెక్కలోకి తీసుకోవడంతో పటం తిరగబడినంత పని అయింది. పాత కొలతలో మధ్యలో ఎక్కడో ఉండే కాలిఫోర్నియా పేద రాష్ట్రాల వరసలో పైకి ఎగబాకింది. ఆ రాష్ట్రంలో రాత్రికి రాత్రి ఎవరూ పేదలు కాలేదు, కొలబద్ద మారింది.

భారతదేశంలో కూడా ఇదే అనుభవం. 2004-05లో పేదలు 27.5 శాతం అన్న లెక్కను తెందూల్కర్ కమిటీ 2009లో తిరగరాస్తే, అదే సంవత్సరానికి అది 37.2 శాతం అయింది. 2011-12కు 21.9 శాతం అన్నది రంగరాజన్ కమిటీ చేతిలో 29.5 అయింది. ఈ అంకెలు చూసి, చూశారా, అంతా మాయ అనేవాళ్లుంటారు. నేను అలా అనను. గీత ఎక్కడ గీయాలన్నది విలువలకు సంబంధించిన ప్రశ్న, దానికి ఒకే జవాబు ఉండదు. కానీ ఆ గీతను వెంటబెట్టుకుని ఒక ఇంటి గుమ్మం దగ్గరకు వెళ్లినప్పుడు ఏం జరుగుతుందన్నది మాత్రం విలువల ప్రశ్న కాదు, పని ప్రశ్న. దాని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

గుమ్మం దగ్గర జరిగేది

సర్వే ఉద్యోగి ఒక ఇంటికి వెళ్తాడు. చేతిలో ప్రశ్నావళి. అందులో వందల వస్తువులు. భారతదేశంలో 2022-23 వినియోగ వ్యయ సర్వేలో 405 వస్తువుల గురించి అడిగారు, అంతకుముందు సర్వేలో 347. ఎదురుగా కూర్చున్న మనిషి పని మానుకుని జవాబులు చెప్పాలి. గత 30 రోజుల్లో ఫలానా వస్తువు ఎంత వాడారు? దాని విలువెంత? తరవాతి వస్తువు. మళ్లీ అదే ప్రశ్న. వందో వస్తువు దగ్గరకు వచ్చేసరికి అడిగేవాడికీ విసుగే, చెప్పేవారికీ విసుగే. మిమ్మల్ని అడుగుతాను, నెల రోజుల కిందట ఏం కొన్నారో మీలో ఎంతమందికి గుర్తుంది? వారం కిందటిది గుర్తుండవచ్చు. ఇక్కడే చిక్కంతా ఉంది. నెల గురించి అడిగితే జనం మరిచిపోతారు, ఖర్చు తక్కువ తేలుతుంది. వారం గురించి అడిగితే అంతకు నాలుగు రోజుల ముందు కొన్నదాన్ని కూడా ఆ వారంలోకి లాక్కొస్తారు, ఖర్చు ఎక్కువ తేలుతుంది. ఏది నిజం? రెండిటికీ కొంత దూరంలో ఉంది నిజం.

ఇదేదో చిన్న సాంకేతిక విషయం అనుకోకండి. 1990లలో జాతీయ నమూనా సర్వే సంస్థ దీన్ని పరీక్షించి చూసింది. కొన్ని ఇళ్లలో పాత పద్ధతిలో నెల గురించి, మరికొన్ని ఇళ్లలో తిండి విషయంలో వారం గురించి అడిగారు. వారం అడిగిన ఇళ్లలో ఖర్చు ఎంత ఎక్కువ తేలిందంటే, దాని ప్రకారం లెక్కిస్తే దేశంలో పేదల శాతం దాదాపు సగానికి పడిపోతుంది. ఒక్క ప్రశ్నలో 30 బదులు 7 అని రాస్తే! ఆ తరవాత 1999-2000లో ఒకే ఇంట్లో రెండు ప్రశ్నలూ పక్కపక్కనే అడిగారు. జవాబు చెప్పేవారు ఒకదాన్ని మనసులో పెట్టుకుని రెండోది చెప్పడంతో రెండూ కలుషితమైపోయాయి, ఆ ఏడాది పేదరికం తగ్గిందా, ఎంత తగ్గింది అన్నదానిపై ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఒక దేశంలో రెండు కాలాలను పోల్చేటప్పుడు గీత మారిందా అని మాత్రమే అడిగితే చాలదు, ప్రశ్న మారిందా అని కూడా అడగాలి. 2022-23లో మూడు ప్రశ్నావళులు చేసి మూడు విడతలుగా ఇంటికి వెళ్లారు. మంచి పనే, కానీ పాత సర్వేతో నేరుగా పోల్చడం కష్టమైంది.

సరే, గుమ్మం దగ్గర రాసుకొచ్చిన అంకెలు సరైనవే అనుకుందాం. వాటిని ఎలా కూడాలి? బోర్డు మీద చిన్న లెక్క వేస్తాను. గీత 1000 అనుకోండి. రెండు ఊళ్లున్నాయి, ఒక్కోదానిలో పదిమంది. మొదటి ఊళ్లో నలుగురు పేదలు, ఒక్కొక్కరికి 950. రెండో ఊళ్లో కూడా నలుగురు పేదలు, ఒక్కొక్కరికి 400. పేదల శాతం రెండు ఊళ్లలోనూ 40. పటం మీద రెండూ ఒకే రంగు. ఇప్పుడు మొదటి ఊళ్లో ఒక్కొక్కరికి 50 ఇచ్చాం, మొత్తం ఖర్చు 200; పేదరికం సున్నా, అధికారికి ప్రశంసాపత్రం. రెండో ఊళ్లో ఒక్కొక్కరికి 200 ఇచ్చాం, ఖర్చు 800. వాళ్ల చేతిలోకి వచ్చిన డబ్బు సగం పెరిగింది, కానీ శాతం 40 దగ్గరే కదలకుండా ఉంది. తలలు మాత్రమే లెక్కపెట్టే కొలతను నమ్ముకుని నిధులిచ్చే ప్రభుత్వం ఏ ఊరికి పరుగెత్తుతుందో మీరే చెప్పండి. గీతకు ఆనుకుని ఉన్నవారి దగ్గరకే పోతుంది. అడుగున ఉన్నవారిని వదిలేస్తుంది.

అమర్త్యసేన్ 1976లో ఈ లోపాన్నే ఎత్తి చూపారు. 1984లో ఫోస్టర్, గ్రీర్, థోర్బెక్ అనే ముగ్గురు ఇచ్చిన సూత్రం ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉంది. గీత కంటే ఎంత కింద ఉన్నారో ఆ లోటును గీతతో భాగించి, జనాభా మొత్తానికి సగటు తీస్తే పేదరికపు లోతు వస్తుంది. మన మొదటి ఊరికి అది 0.02, రెండో ఊరికి 0.24, అంటే పన్నెండు రెట్లు. ఆ లోటును వర్గం చేసి సగటు తీస్తే తీవ్రత వస్తుంది, అది పేదల్లో మరీ అడుగున ఉన్నవారిని పట్టుకుంటుంది. రెండో ఊళ్లో నలుగురికీ 400 ఉన్నా, ఇద్దరికి 700, ఇద్దరికి 100 ఉన్నా లోతు 0.24 గానే ఉంటుంది; తీవ్రత మాత్రం 0.144 నుంచి 0.18కి పెరుగుతుంది. ఈ సూత్రానికి మరో సుగుణం ఉంది. ప్రాంతాలవారీ అంకెలను జనాభా బరువుతో కలిపితే దేశపు అంకె సరిగ్గా వస్తుంది. పటం గీసేవారికి అంతకంటే ఏం కావాలి? ఏ జిల్లా దేశ పేదరికానికి ఎంత చేరుస్తోందో లెక్క తెగ్గొట్టి చెప్పవచ్చు.

ఆదాయం, ఖర్చు కాకుండా చదువు, ఆరోగ్యం, నీరు, కరెంటు లాంటి లేములను నేరుగా లెక్కపెట్టే బహుముఖ పేదరిక సూచీ గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడున్న చాలామంది దాని మీదే పనిచేస్తున్నారు. ఒక్క మాట. పది సూచికలతో 2010లో అంతర్జాతీయంగా మొదలైన ఆ కొలతను నీతి ఆయోగ్ పన్నెండు సూచికలతో వాడింది. దాని ప్రకారం భారతదేశంలో 2015-16లో 24.85 శాతం ఉన్న పేదరికం 2019-21కి 14.96 శాతానికి తగ్గింది. అదే 2019-21లో బీహార్‌లో 33.76 శాతం, కేరళలో 0.55 శాతం. ఒకే దేశం, ఒకే ప్రశ్నావళి, ఒకే గీత. ఇంత దూరాన్ని దేశపు సగటు అంకె ఎలా దాచుకోగలిగిందో ఆలోచించండి.

నేల మీది గీత

ఇక రెండో గీతకు వద్దాం. రాష్ట్రం స్థాయిలో అంకె వచ్చింది, బాగుంది. జిల్లాకు కావాలంటారు, మండలానికి కావాలంటారు, పంచాయతీకి కూడా కావాలంటారు. అడగడం తప్పు కాదు, నిధులు ఖర్చయ్యేది అక్కడే కదా. కానీ సర్వే నమూనా ఎంత? లక్ష ఇళ్ల సర్వే అంటే చాలా పెద్దదిగా వినబడుతుంది. దాన్ని 700 జిల్లాలకు పంచండి, జిల్లాకు సుమారు 140 ఇళ్లు. ఆ జిల్లాలో పేదలు 20 శాతం అని తేలితే, నమూనా అదృష్టం వల్ల వచ్చే పొరపాటును కలుపుకుని నిజం 13 నుంచి 27 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అదీ ఇళ్లను విడివిడిగా చీటీలు తీసినట్టు ఎంచుకుంటే. నిజానికి ఒక్కో ఊళ్లో కొన్ని ఇళ్ల చొప్పున గుత్తులుగా తీసుకుంటారు కనుక, ఒక ఊరివారు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక, ఆ వెడల్పు ఇంకా పెరుగుతుంది. ఇలాంటి అంకెలతో జిల్లాలకు 1 నుంచి 700 దాకా ర్యాంకులిచ్చి పత్రికలకు విడుదల చేస్తారు. 312వ ర్యాంకు జిల్లాకూ 290వ ర్యాంకు జిల్లాకూ తేడా ఉందని నన్ను నమ్మమంటే నేను నమ్మను. ర్యాంకు పక్కన ఆ వెడల్పు అచ్చువేయని పటాన్ని చూసినప్పుడు నాకు కోపం వస్తుంది. దాచింది అబద్ధం కాదు, అనిశ్చితి, కానీ ఫలితం ఒకటే.

దీనికి ఒక తెలివైన మార్గం ఉంది. సర్వేలో ఖర్చు వివరాలుంటాయి, ఇళ్లు కొన్నే ఉంటాయి. జనాభా లెక్కల్లో అన్ని ఇళ్లూ ఉంటాయి, ఖర్చు ఉండదు. రెండిటిలోనూ అడిగిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి: ఇంట్లో ఎంతమంది, ఇంటి పెద్ద చదువు, గోడలు దేనితో కట్టినవి, నీళ్లు ఎక్కడివి. సర్వేలో ఈ లక్షణాలకూ ఖర్చుకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుని, ఆ సూత్రాన్ని జనాభా లెక్కల్లోని ప్రతి ఇంటికీ వర్తింపజేస్తే చిన్న ప్రాంతాలకు కూడా అంచనా దొరుకుతుంది, దానితోపాటు పొరపాటు వెడల్పు కూడా దొరుకుతుంది. ఎల్బర్స్, ఇద్దరు లాంజూలు కలిసి 2003లో ప్రచురించిన ఈ పద్ధతికి ఈక్వడార్ మొదటి ప్రయోగశాలల్లో ఒకటి. ఆ తరవాత ఎన్నో దేశాలు దీనితో పటాలు గీశాయి. మెక్సికో మరో అడుగు ముందుకు వేసింది. 2004లో చేసిన సామాజికాభివృద్ధి చట్టంలోనే రాష్ట్రాలకు రెండేళ్లకోసారి, మునిసిపాలిటీలకు ఐదేళ్లకోసారి పేదరికపు కొలత విడుదల చేయాలని రాసుకుంది. అయితే ఈ వంతెన మీద నడిచేటప్పుడు కాలు జాగ్రత్త. సర్వేకూ జనాభా లెక్కలకూ మధ్య ఏళ్లు గడిచిపోతే వంతెన వదులవుతుంది. ఒక చిన్న ప్రాంతంలో ఫ్యాక్టరీ మూతపడితే గోడలు అవే ఉంటాయి, చదువు అదే ఉంటుంది, మోడల్‌కు ఏమీ తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ సరిహద్దు అక్కడే ఎందుకుంది? ఐరోపా సమాఖ్యలో తలసరి ఉత్పత్తి సమాఖ్య సగటులో 75 శాతం కంటే తక్కువ ఉన్న ప్రాంతాలకు ఎక్కువ నిధులు వచ్చేవి. 1990ల చివరికి ఐర్లండ్ ఆర్థికంగా ఎగిసి ఆ పరిమితి దాటింది. దేశమంతా ఒకే ప్రాంతంగా లెక్కిస్తే నిధులు పోతాయి. 1999లో దేశాన్ని రెండు ప్రాంతాలుగా విభజించారు. సరిహద్దు, మధ్య, పశ్చిమ కౌంటీలు కలిసిన పేద ప్రాంతానికి పాత హోదా నిలిచింది. హంగరీలో బుడాపెస్ట్ నగరాన్నీ దాని చుట్టూ ఉన్న పెస్ట్ కౌంటీనీ విడదీశారు, ఆ విభజన 2018 నుంచి లెక్కల్లోకి వచ్చింది. నగరపు సంపద నీడ తొలగగానే పెస్ట్ పేద ప్రాంతమైంది. దీన్ని మోసం అనాలా? నేననను. ధనిక నగరంతో కలిపి సగటు తీసినప్పుడు పల్లెలకు అన్యాయం జరిగిందన్నది కూడా నిజమే. కానీ ఒక్క మనిషి ఆదాయం కూడా మారకుండా, ఒక గీత జరిపితే, పేద ప్రాంతం పుట్టుకొచ్చిందన్న సంగతి మరచిపోకూడదు.

గణాంక భూగోళవేత్తలకు ఇది పాత తలనొప్పి. 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే ఇద్దరు అమెరికాలోని అయోవా రాష్ట్రపు 99 కౌంటీలను తీసుకుని, వాటిని రకరకాలుగా కలిపి పెద్ద ప్రాంతాలు చేసి చూశారు. ఒక పార్టీ ఓట్ల శాతానికీ వృద్ధుల శాతానికీ ఉన్న సంబంధం ఎంతని లెక్కిస్తే, కలిపే తీరును బట్టి దాదాపు సంపూర్ణ ప్రతికూలం నుంచి దాదాపు సంపూర్ణ అనుకూలం దాకా ఏ జవాబు కావాలంటే ఆ జవాబు వచ్చింది. ఇంకా పాతది, 1950లో రాబిన్సన్ చూపినది. అమెరికా రాష్ట్రాలను పోలిస్తే విదేశాల్లో పుట్టినవారు ఎక్కువ ఉన్న చోట నిరక్షరాస్యత తక్కువ. సంబంధం మైనస్ 0.53. మనుషులను పోలిస్తే విదేశాల్లో పుట్టినవారిలోనే నిరక్షరాస్యత కొంచెం ఎక్కువ. సంబంధం ప్లస్ 0.12. కారణం? వలస వచ్చినవారు చదువున్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. పేద జిల్లాలో ఉన్నవాడు పేదవాడే అనుకోవడం, పేదలు పేద జిల్లాల్లోనే ఉంటారనుకోవడం ఈ జాతి పొరపాట్లే.

వియత్నాం పటాలు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. తెర మీద రెండు పటాలున్నాయి, వెనక వరుసలవారికి రంగులు కనబడకపోతే నేను చెబుతాను. 2000ల మొదట్లో గీసిన పేదల శాతపు పటంలో ఉత్తర కొండలు, మధ్య ఎత్తు భూములు ముదురు రంగులో ఉన్నాయి, డెల్టాలు లేత రంగులో ఉన్నాయి. రెండో పటంలో శాతం కాదు, పేదల సంఖ్యకు తగినన్ని చుక్కలు పెట్టారు. చుక్కలు ఎక్కడ కమ్ముకున్నాయి? ఎర్ర నది డెల్టాలో, మెకాంగ్ డెల్టాలో, తీరం వెంబడి. కొండల్లో శాతం ఎక్కువ, మనుషులు తక్కువ. డెల్టాల్లో శాతం తక్కువ, మనుషులు కిక్కిరిసి ఉన్నారు. మరి నిధులు ఎక్కడికి పోవాలి? కొండల్లో ఎవరికిచ్చినా చాలావరకు పేదలకే చేరుతుంది, కానీ ఎక్కువమంది పేదలు బయట మిగిలిపోతారు. డెల్టాలో ఇస్తే ఇంటింటినీ వడపోయాలి. ఈ రెండు పటాల్లో ఒక్కటే చేతికిచ్చిన సలహాదారు మంత్రికి సగం సలహానే ఇచ్చాడు.

ప్రాంతీయ అసమానత విషయంలో ఇంకో ఉచ్చు ఉంది, తలసరి ఉత్పత్తి. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అనే ప్రాంతం సహజవాయువు పుణ్యమా అని చాలాకాలం తలసరి ఉత్పత్తిలో సంపన్న ప్రాంతంగా కనబడింది. ఆ డబ్బు అక్కడి ఇళ్లకు చేరలేదు. లండన్ నడిబొడ్డు తలసరి ఉత్పత్తి ఐరోపా సగటుకు ఎన్నో రెట్లు, ఎందుకంటే ఉత్పత్తి చేసేవారు పొద్దున్నే రైలెక్కి వస్తారు, భాగించేది మాత్రం రాత్రి అక్కడ నిద్రపోయేవారితో. ఉత్పత్తి పుట్టిన చోటు వేరు, ఆదాయం చేరిన చోటు వేరు. అందుకే ఇళ్ల ఆదాయమో ఖర్చో తీసుకుని, థీల్ సూచిక లాంటిదానితో అసమానతను రెండు ముక్కలు చేస్తారు: ప్రాంతాల మధ్య ఎంత, ప్రతి ప్రాంతం లోపల ఎంత. ఈక్వడార్, మడగాస్కర్, మొజాంబిక్ దేశాల్లో చిన్న చిన్న సముదాయాల దాకా వెళ్లి ఈ లెక్క చేస్తే, సింహభాగం సముదాయాల లోపలే తేలింది. అంటే ప్రాంతాల మధ్య తేడా ముఖ్యం కాదనా? కాదు. లోపలి తేడాలో వయసు, అదృష్టం, ఆ నెల జబ్బు చేయడం లాంటివన్నీ కలిసి ఉంటాయి. ప్రాంతాల మధ్య తేడాలో ఏళ్ల తరబడి పోగుపడిన రోడ్లు, బళ్లు, కాలువలు ఉంటాయి, రాజకీయాలు రగిలేది వాటి మీదే. కానీ జిల్లాను ఎంచుకుంటే పేదలను ఎంచుకున్నట్టే అనుకునేవారికి ఈ లెక్క చూపించాలి.

ఉపగ్రహాల గురించి ఎవరో చీటీ పంపారు. క్లుప్తంగా చెబుతాను. 2016లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఐదు ఆఫ్రికా దేశాలకు పగటి ఉపగ్రహ చిత్రాలను యంత్రానికి నేర్పి, ఊళ్ల మధ్య ఆర్థిక తేడాల్లో గరిష్ఠంగా 75 శాతం దాకా పట్టుకోగలిగారు. 2020లో కోవిడ్ సమయంలో టోగో ప్రభుత్వం ఉపగ్రహ చిత్రాలతో అత్యంత పేద ప్రాంతాలను, ఫోను వాడకం తీరుతో ఆ ప్రాంతాల్లోని పేదలను గుర్తించి మొబైల్‌లోకే డబ్బు పంపింది. సర్వేకు సమయం లేని చోట ఇది గొప్ప పని. అయితే యంత్రం కూడా ఎక్కడో ఒక సర్వేను చూసే నేర్చుకుంది. ఆ సర్వేలో లోపముంటే అది ఆకాశం నుంచి కూడా అదే లోపాన్ని చూస్తుంది. ఫోను లేనివారు దానికి కనిపించనే కనిపించరు.

కనిపించనివారి మాట వచ్చింది కనుక ఒక్క నిమిషం. ఏ గృహ సర్వే అయినా ఇళ్ల జాబితాతో మొదలవుతుంది. ఇల్లు లేకపోతే? 2011 జనాభా లెక్కల్లో భారతదేశం ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కపెట్టింది. పేవ్‌మెంట్ల మీద, స్టేషన్లలో, వంతెనల కింద నిద్రపోతున్నవారు 17.7 లక్షల మందికి పైగా తేలారు. ఆ రాత్రి వేరే చోట పడుకున్నవారు ఆ లెక్కలో లేరు. పని కోసం ఏడాదిలో ఆరు నెలలు ఊరు విడిచి వెళ్లే కుటుంబాన్ని తీసుకోండి. సర్వే ఉద్యోగి సొంత ఊరికి వెళ్తే ఇంటికి తాళం ఉంటుంది, పక్క ఇంటిని బదులు తీసుకుంటాడు. పనిచేసే చోటికి వెళ్తే, వీళ్లు ఇక్కడివారు కాదని జాబితా రాసేవాడు ముందే వదిలేసి ఉంటాడు. వాళ్ల పేదరికాన్ని ఏ జిల్లా రంగులో కలపాలి? పంపిన జిల్లాలోనా, పని చేయించుకున్న జిల్లాలోనా? దీనికి ఇక్కడున్న జనగణన అనుభవజ్ఞులు నాకంటే బాగా జవాబు చెప్పగలరు, అందుకే ఈ ప్రశ్నను వాళ్ల ముందుంచి కూర్చుంటున్నాను. మైకు అటు ఇవ్వండి.